సగం చుట్టు

తెల్లవారుజామున మూడింటికి
సెవెరియానె తలుపు కొట్టాడు.
మూడు శీతాకాలాల తర్వాత.
నా రేకుల కప్పు మీంచి జారిన మంచు
వాళ్ల ద్రాక్షతీగ నడుం విరిచిన రోజు నుంచీ
పొరుగంటే కంచె, అంతే.

"నీ బండి," అన్నాడు,
నా ముఖం మానేసి గొళ్లేన్ని చూస్తూ,
"రాత్రంతా నా కిటికీకి ఎర్రగా కొడుతోంది."
చెప్పి వెళ్లిపోయాడు.

బూట్లలో కాళ్లు దూర్చి బయటికొచ్చాను.
నిజమే.
పాత డెలికా వెనక మంచంతా
దానిమ్మకాయ చిదిమి ఒలకబోసినట్టుంది.
తొక్కే కాలు లేకుండానే బ్రేకు లైట్లు.
ఆగుతున్నా, ఆగుతున్నా అని
ఎవరూ రాని దారికి
రాత్రల్లా చెప్పుకుంటూ కూర్చుంది ముసలిది.

తాళం తిప్పితే టక్కుమంది. అంతే, ఇంకేం లేదు.
అక్కడ లామారా అప్పుడే
పొయ్యి గోడకి పిండి చరుస్తుంటుంది.
ఐదింటికల్లా నూట ఇరవై రొట్టెలు కొండెక్కాలి.

టార్చి పళ్ల మధ్య కరిచి
స్టీరింగు కింద వెల్లకిలా దూరాను.
యాభై తొమ్మిదేళ్ల నడుం ఏం తిట్టిందో
ఇక్కడ చెప్పను.
కాళ్ల దగ్గర పట్టా మీద దొరికాయి
గుడ్డు పెంకుల్లాంటి పసుపు ముక్కలు.
పెడల్ కి ఉండే బిళ్ల. బఠానీ గింజంత.
ఇరవై ఆరేళ్లు స్విచ్చి మొనని నొక్కిపట్టి
ఇంకా ఎవరూ తొక్కలేదు, పడుకోండి అని
దీపాలకి చెబుతూ వచ్చిన బిళ్ల.
అది పొడైపోయింది. మొన ఆ బెజ్జంలోంచి
తల బయటపెట్టింది.
ఇంత పెద్ద బండికి ఇంత చిన్న కాపలా
అని నాకెవరూ చెప్పలేదు.

కోటుకున్న రెండో గుండీ పీకాను.
వెనక కాడ ఉన్న రకం, అమ్మ కాలం నాటిది.
బెజ్జంలో జిగురు వేసి కాడ దింపితే
కొలిచి కుట్టినట్టు కూర్చుంది.
కానీ గుండీ మందం ఎక్కువ. ఇప్పుడు స్విచ్చిని జరపాలి.
పద్నాలుగో నంబరు పానా, లాకు నట్టు, సన్న మరలు.
మరీ ముందుకొస్తే పెడల్ ని తోసి
బ్రేకు సగం పట్టుకునే ఉంటుంది.
మరీ వెనక్కెళితే దీపం ఆరదు.
ఏది ఏదో తెలియాలంటే బండి వెనక ఒకరుండాలి.
నేనేమో ముందు, తలకిందులుగా.

సగం చుట్టు తిప్పాను.

"వెలుగుతోంది."

కంచె వైపు నుంచి. సిగరెట్టు వాసన కూడా.
నేను అడగలేదు.
ఇంకో సగం.
"మసకగానే, కానీ వెలుగుతోంది."
ఇంకో సగం. వేళ్లు ఇనుముకి అతుక్కుపోతున్నాయి.
"ఆరింది."

చేత్తోనే పెడల్ నొక్కాను. "వెలిగింది."
వదిలాను. "ఆరింది."
నట్టు బిగించి మళ్లీ నొక్కాను. "వెలిగింది."
"ఆరింది."
సరిపోయిందని నాకు తెలుసు.
అయినా ఇంకో మూడుసార్లు నొక్కాను.
మూడుసార్లూ చెప్పాడు, ఓపిగ్గా,
చిన్నపిల్లకి అక్షరాలు దిద్దించేవాడిలా.

తర్వాత మాట్లాడకుండా తన నీవా తెచ్చి
మూతికి మూతి ఆనించి తీగలు తగిలించాడు.
డెలికా దగ్గి, ఉమ్మి, లేచింది.
"వంతెన దిగుడులో గట్టిమంచుంది," అన్నాడు,
ఈసారి కూడా గొళ్లెం లాంటిదేదో చూస్తూ.
"సరే," అన్నాను.

పై ఊళ్లో మొదటి గుమ్మం దగ్గర
బాబుత్సా ముసలమ్మ రొట్టె ఒత్తి చూసి
చల్లారిందని సణిగి, నా ఛాతీ వైపు వేలు చూపింది:
"గుండీ ఏదే జుజునా?"
"బ్రేకు దగ్గర."
నవ్వింది, నమ్మలేదు.

దారి పొడుగునా ఆ సందులోంచి గాలి కొట్టింది.
మలుపు మలుపుకీ అద్దంలో చూశాను,
వెనక మంచు ఎర్రబడి, నల్లబడి.

రేకుల కప్పు సంగతి మేమింకా ఎత్తలేదు.